ర్యాకా, స్క్రూనా: పినపాక నుంచి బాలానగర్ దాకా

సింహద్వారం తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బొమ్మ చెక్కాలంటే రౌటర్ బిట్టు దాదాపు ఆరు కిలోమీటర్లు నడవాలి. తలుపు పొడవు రెండు మీటర్లు, వెడల్పు తొంభై సెంటీమీటర్లు అనుకోండి. చెక్క నున్నగా రావాలంటే గుండ్రటి మొన ఉన్న బిట్టు ఒక గీత గీసి పక్కకు 0.3 మిల్లీమీటర్లే జరగాలి. అట్లా 3,000 గీతలు, ఒక్కోటి రెండు మీటర్లు. నిమిషానికి 5 మీటర్లు నడిచే యంత్రానికి ఇది 20 గంటల పని. 3 మీటర్లే నడవగలిగితే 33 గంటలు.

ఈ లెక్క చెప్పినప్పుడు మా మామయ్య అడిగింది ఒక్కటే. "ఆరు కిలోమీటర్లు దాన్ని లాగేదెవరు అల్లుడూ?"

ఆ ప్రశ్న పట్టుకునే ఇద్దరం బయల్దేరాం.

మామయ్య కార్ఖానా ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డు దగ్గర. మండలం పేరు పినపాక అయినా అంగళ్లు, బస్సులు, జనం అన్నీ ఈ క్రాస్ రోడ్డులోనే. ఒకవైపు మణుగూరు, ఇంకోవైపు మంగపేట, ఏటూరునాగారం. తూర్పున గోదావరి, పడమట కరకగూడెం, గుండాల అడవి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా ఖమ్మం జిల్లాలో ఉన్నాం, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. ఊళ్ల మధ్య జామాయిల్ తోటలు, మిరప చేలు. మణుగూరు బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు, అటు మంగపేట రైతులు ఇళ్లు కట్టుకుంటే దర్వాజాలకూ తలుపులకూ మామయ్య దగ్గరికి వస్తారు. ఆయన ఉలి పట్టి శంఖుచక్రాలు చెక్కితే ఇప్పటికీ చూడబుద్ధి వేస్తుంది. కానీ అందరికీ ఇప్పుడు ఫోన్లో చూపించిన గజలక్ష్మే కావాలి, పది రోజుల్లో కావాలి. అందుకని టేకు పలకలు కోసి, చిత్రిక పట్టి, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రం మీద చెక్కించడానికి ఖమ్మం పంపి, మళ్లీ తెప్పించుకునేవాడు. పోయేటప్పుడు ఒక కిరాయి, వచ్చేటప్పుడు ఒక కిరాయి, దారిలో అంచులు కొట్టుకుపోతే ఆ నష్టం మనదే.

అందుకే సొంత యంత్రం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అంటే ఒక ప్లైవుడ్ షీటు పూర్తిగా పట్టే బల్ల. చట్రం 100×50 ఇనుప పైపుతో మణుగూరులోనే వెల్డింగ్ చేయించాం. బిట్టును తిప్పే 2.2 కిలోవాట్ల స్పిండిల్ కొన్నాం. యంత్రాన్ని నడిపించే కంట్రోలర్ ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. 2009లో నార్వేలో ఒకాయన మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చిన జీఆర్‌బీఎల్ లాంటి ప్రోగ్రాములు చిన్న బోర్డు మీద నడుస్తాయి. చెక్కపని యంత్రాలకు చేత పట్టుకునే డీఎస్పీ కంట్రోలర్లూ దొరుకుతున్నాయి. మిగిలింది డ్రైవ్. మోటారు తిరిగే తిప్పుడును బల్ల మీద సూటి నడకగా మార్చేది ఏది? లీడ్ స్క్రూనా, బాల్ స్క్రూనా, టైమింగ్ బెల్టా, ర్యాక్-పినియనా? నాది మెకానికల్ డిప్లొమా. కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఫ్యాక్టరీలో చేసి మణుగూరు వచ్చేశాను. పుస్తకం ప్రకారం నాకు బాల్ స్క్రూ మీదే మనసు. మామయ్య మాత్రం కళ్లతో చూసి, చేత్తో తిప్పి చూడనిదే రూపాయి తీయడు.

పొద్దున్నే మణుగూరు బస్సెక్కాం. భద్రాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చాలాసేపు కనబడుతూనే ఉంటాయి. ఒక్కోటి 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1,080 మెగావాట్లు. నాలుగో యూనిట్ 2022 జనవరిలో మొదలైంది. ఇంత కరెంటు మా కళ్ల ముందే పుడుతున్నా, గాలివానకు అడవి దారిలో ఒక కొమ్మ విరిగి తీగ మీద పడితే కార్ఖానాలో మోటార్లు ఆగిపోతాయి. డ్రైవ్ ఎంచుకునేటప్పుడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అప్పటికి నాకు తట్టలేదు. ఆ సంగతి తర్వాత రాణిగంజ్‌లో తేలింది.

మణుగూరులో మేం వెళ్లింది లేత్ షాపుకు. మిస్త్రీ టిప్పర్లకూ ట్రాక్టర్లకూ షాఫ్టులు తిప్పి, పిన్నులు, బుష్షులు చేసి ఇస్తాడు. మామయ్యకు పాత స్నేహితుడు. సంగతి విని లేత్ దగ్గరికి పిలిచాడు.

"ఇది చూడు అన్నా," అంటూ చేతిచక్రం తిప్పాడు. టూలు మోసే క్యారేజీ బెడ్డు మీద సర్రున పక్కకు జరిగింది. "ఇప్పుడు దీన్ని జరిపిందేంది?" వంగి చూస్తే బెడ్డు కింది అంచున పొడుగ్గా పళ్లపట్టీ, దాన్ని కరిచి పట్టుకున్న చిన్న గేరు. ర్యాక్, పినియన్. తర్వాత లేత్ ఆన్ చేసి ఇంకో లివర్ దించాడు. లోపల హాఫ్ నట్ మూసుకుని, బెడ్డు పక్కన తిరుగుతున్న పొడుగాటి లీడ్ స్క్రూను పట్టింది. క్యారేజీ ఈసారి చుట్టుకింతని లెక్కగా నడిచింది. "మర కొయ్యాలంటే ఇది. ఊరికే అటూ ఇటూ పోవాలంటే అది. రెండూ ఒకే బెడ్డు మీదున్నయి."

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే కచ్చితమైన లీడ్ స్క్రూతో మరలు కోసే లేత్‌ను తీర్చిదిద్దాడని డిప్లొమాలో చదివాను. ఇన్నేళ్లు లేత్ షాపుల్లో తిరిగి కూడా, అదే యంత్రంలో రెండు డ్రైవ్‌లు పక్కపక్కనే ఉన్న సంగతిని నేను ఈ కోణంలో చూడలేదు. మిస్త్రీ చెప్పింది సూటిగా ఉంది. దూరం పోవాల్సినచోట పళ్లపట్టీ, కొలతగా పోవాల్సినచోట స్క్రూ.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, అది ఈ ప్రయాణమంతా నా వెంటే వచ్చింది. "పినియన్ పళ్లు అరిగితే నేను కోసిస్త. బాల్ స్క్రూ నట్టు పోతే నేను చెయ్యగలిగింది లేదు." షాపు మూల ఒక పాత మిల్లింగ్ మెషిన్, దాని మీద డివైడింగ్ హెడ్ ఉన్నాయి. హెడ్ పిడి నలభై చుట్లు తిప్పితే పని ఒక చుట్టు తిరుగుతుంది. 20 పళ్ల గేరు కావాలంటే పన్నుకు సరిగ్గా రెండు చుట్లు. అయితే ఒక షరతు. "సూటి పళ్లయితేనే. ఏటవాలు పళ్లంటే నా మెషిన్‌తోటి కాదు."

రాత్రికి మణుగూరు నుంచి సికింద్రాబాద్ రైలు ఎక్కాం. కొత్తగూడెం దాటేదాకా మామయ్య కిటికీ పక్కనే కూర్చున్నాడు. నేను నోటుబుక్ తీసి స్క్రూ లెక్క మొదలుపెట్టాను.

పొడుగాటి సన్నటి కడ్డీని వేగంగా తిప్పితే ఒక వేగం దగ్గర దాని నడుము ఊగడం మొదలవుతుంది. ఆ వేగం కడ్డీ లావును బట్టి పెరుగుతుంది, పొడవు వర్గాన్ని బట్టి పడిపోతుంది. పొడవు రెట్టింపయితే అనుమతించే వేగం నాలుగో వంతే. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర బేరింగులో ఆనించి, కొంత భద్రత ఉంచుకుని కడితే ఇట్లా వచ్చింది. రెండున్నర మీటర్ల పొడవున 16 మిల్లీమీటర్ల స్క్రూ నిమిషానికి 325 చుట్లు దాటకూడదు. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే మర అయితే అది నిమిషానికి 1.6 మీటర్లు. మన ఆరు కిలోమీటర్లకు అరవై గంటలు పైనే పడుతుంది. 25 మిల్లీమీటర్ల స్క్రూ, చుట్టుకు 10 మిల్లీమీటర్ల మర తీసుకుంటే 520 చుట్లు, 5.2 మీటర్లు. పనికొచ్చే వేగమే, కానీ అంచు మీద నడకే. పైగా ఆ స్క్రూ ఒక్కటే పది కిలోల దాకా ఉంటుంది. ప్రతి గీత చివరా మోటారు ఆగి వెనక్కి తిరగాలి, అంటే ముందు ఆ పది కిలోల తిరుగుడును ఆపి మళ్లీ ఎదురు తిప్పాలి. బల్లకు అడ్డంగా స్పిండిల్‌ను మోసే గ్యాంట్రీని లాగడానికి మిగిలేది ఆ తర్వాతే. స్క్రూను కదలకుండా ఉంచి నట్టును తిప్పే పద్ధతి కూడా ఉంది. దానికి కావలసిన బేరింగ్ అమరిక మా ఊళ్లో చేయించుకునేది కాదు.

చెక్కపనిలో వేగం తొందర కోసమే కాదు. రెండు అంచుల బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 5.4 మీటర్లు నడిస్తే ఒక్కో అంచు 0.15 మిల్లీమీటర్ల పొట్టు తీస్తుంది. నడక మందగిస్తే అంచు చెక్కను కోయదు, రుద్దుతుంది. టేకు నల్లబడుతుంది, బిట్టు వేడెక్కి మొండిబారుతుంది. ఉలి కదలకుండా ఒకేచోట రాస్తే ఏమవుతుందో మామయ్యకు నేను చెప్పనక్కర్లేదు.

నాలుగడుగుల అడ్డం పొడవుకు లెక్క వేరేగా వచ్చింది. 20 మిల్లీమీటర్ల స్క్రూ, మీటరున్నర పొడవు, చుట్టుకు 10 మిల్లీమీటర్లు. 1,140 చుట్లు, నిమిషానికి 11 మీటర్లు. అక్కడ స్క్రూ హాయిగా పనిచేస్తుంది. కాజీపేట వచ్చేసరికి నా మనసులో బొమ్మ ఇది: పొడవుకు ర్యాక్, అడ్డానికి బాల్ స్క్రూ, స్పిండిల్ పైకీ కిందికీ జరగడానికి బాల్ స్క్రూ.

సికింద్రాబాద్‌లో దిగి టిఫిన్ చేసి రాణిగంజ్ వెళ్లాం. బేరింగులు, మోటార్లు, పంపులు, బెల్టులు, బోల్టులు, యంత్రానికి ఏం కావాలన్నా ఆ సందుల్లో దొరుకుతుంది. మామయ్య ఇక్కడ ప్రతి దుకాణంలోనూ ఆగాడు. నాకు తొందరగా ఉన్నా ఆయన ఆగడమే మంచిదైంది.

బాల్ స్క్రూ చూపించమంటే కొట్టాయన ఒక చిన్న ముక్క తీసి, దాన్ని నిలువుగా పట్టుకున్నాడు. పైనున్న నట్టు ఎవరూ తాకకుండానే గిరగిరా తిరుగుతూ కిందికి దిగింది. చివర నుంచి జారేలోగా అరచెయ్యి అడ్డం పెట్టాడు. నట్టు స్క్రూ మీద నుంచి ఊడిందంటే లోపలి ఉక్కు గుండ్లన్నీ నేల పాలవుతాయట. గుండ్ల మీద దొర్లే మర కాబట్టే తిప్పిన శక్తిలో 90 శాతం దాకా నడకగా మారుతుంది. మామూలు లీడ్ స్క్రూలో ఇత్తడి నట్టు రాసుకుంటూ పోతుంది కాబట్టి సగం శక్తి కూడా దక్కదు. ఈ గుండ్ల మర కార్ల స్టీరింగులో కుదురుకున్నది 1940లలో, జనరల్ మోటార్స్ వారి సాగినా విభాగంలో. యంత్రాల్లోకి విరివిగా ఆ తర్వాతే వచ్చింది.

నట్టు దిగడం చూసిన మామయ్య ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "మన చెరువు తూము షట్టరుకు ఉండేదీ స్క్రూయే కదా. నీరటికాయన ఎంతవరకు ఎత్తితే అంతే ఉంటది, నీళ్లు ఎంత తోసినా దిగదు. ఇదేంది, అదంతట అదే దిగుతంది?" అన్నాడు.

తూము స్క్రూలో రాపిడి ఎక్కువ, మర వాలు తక్కువ. అందుకే బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు. బాల్ స్క్రూలో రాపిడి దాదాపు లేదు కనుక పట్టు కూడా లేదు. మోటారులో కరెంటు ఉన్నంతసేపే అది ఆగి ఉంటుంది. స్పిండిల్, దాన్ని పట్టిన పలక కలిసి పది కిలోల పైన. గాలివానకు కరెంటు పోయిన క్షణంలో స్పిండిల్ మెల్లగా కిందికి జారి, ఇంకా ఆగని బిట్టు తలుపులో దిగబడితే ఆ గజలక్ష్మి సంగతి అంతే. చుట్టుకు 5 మిల్లీమీటర్ల మర అయితే జారే బలం తక్కువ, మోటారు తిరుగుడుకు ఉండే సహజమైన ఎదురు దాన్ని చాలావరకు ఆపుతుంది. 10 మిల్లీమీటర్ల మర ఆపదు. నేను అప్పటిదాకా 10 అనుకుంటున్నాను. అక్కడికక్కడే 5కు మార్చుకుని, దానికి బ్రేకు ఉన్న మోటారు అడిగాం. కరెంటు పోగానే బ్రేకు పట్టేస్తుంది. మా లాంటి ఊళ్లలో నిలువు స్క్రూకు బ్రేకు తప్పనిసరి అని నా అభిప్రాయం.

బెల్టుల కొట్టులో ఎక్కువసేపు పట్టలేదు. పళ్ల బెల్టు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. చౌక, శబ్దం ఉండదు, దుమ్ముకు భయపడదు, వేగం ఎంతైనా పోతుంది. ఫోము, అక్రిలిక్ అక్షరాలు కోసే చిన్న బల్లకు నేనైతే బెల్టే వేస్తాను. కానీ బెల్టు సాగుతుంది, పొడవు ఎంత ఎక్కువైతే అంత సాగుతుంది. ఎనిమిదడుగుల బల్ల మీద గ్యాంట్రీ మోటారుకు దూరంగా ఉన్నప్పుడు ఒకలా, దగ్గరగా ఉన్నప్పుడు ఇంకోలా లొంగుతుంది. టేకు పలకలో ముడి తగిలినప్పుడు బిట్టు ఎదురు తోపు తట్టుకోవాలి. "సాగేదాని మీద నేను గీత గీయ," అన్నాడు మామయ్య. అయితే అక్కడే ఒక మాట దాచిపెట్టుకున్నాను. బెల్టు బారెడు పొడవున సాగుతుంది కానీ జానెడు ముక్కలో సాగదు. మోటారుకూ పినియన్‌కూ మధ్య వేగం తగ్గించే చోట చిన్న బెల్టు వాడితే?

మధ్యాహ్నానికి బాలానగర్. ఆ పేటలోనే 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన టూల్ డిజైన్ సంస్థ ఉంది, జనం సీఐటీడీ అంటారు. అచ్చులూ టూళ్లూ తయారుచేసే ఎందరో అక్కడే నేర్చుకుని బయటికొచ్చారు. మాకు కావలసింది చెక్క రౌటర్లు జోడించే ఒక చిన్న షెడ్డు. తెలిసినవాళ్ల ద్వారా వెళ్లాం.

షెడ్డులో సగం కట్టిన ఎనిమిదడుగుల యంత్రం ఉంది. రెండు పొడుగు పక్కలా ర్యాక్, రెండు పక్కలా మోటార్లు. ఒక పక్కనుంచే లాగితే గ్యాంట్రీ వంకరపోతుంది, నాలుగు మూలలు కలవవు. అందుకే రెండు మోటార్లు. ర్యాక్ పళ్లు కిందికి చూస్తున్నాయి. పైకి ఉంటే చెక్కపొడి పళ్ల సందుల్లో గట్టిపడి పినియన్‌ను ఎగదన్నుతుందని, కిందికి ఉంటే రాలిపోతుందని అక్కడి ఫిట్టర్ చెప్పాడు. ర్యాక్ మీటరు ముక్కలుగా వస్తుంది. రెండు ముక్కలు కలిసేచోట పన్నుకూ పన్నుకూ మధ్య దూరం తేడా వస్తే ఆ చోట పినియన్ ఎగిరిపడుతుంది. దానికి ఆయన చూపించిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఒక చిన్న ర్యాక్ ముక్కను తిరగేసి, అతుకు మీద రెండు ముక్కల పళ్లలోనూ దిగేలా పెట్టి క్లాంపు వేస్తారు. పళ్లు పళ్లలో సరిగ్గా కూర్చున్నాక బోల్టులు బిగిస్తారు. ఏ కొలబద్దా అక్కర్లేదు.

"మీరు హెలికల్ వేసుకోండి, సాఫీగా ఉంటుంది. గేర్‌బాక్స్ 1:5 పెట్టుకోండి," అన్నాడాయన. ఏటవాలు పళ్లు ఒకదాని మీంచి ఒకటి జారినట్టు కలుస్తాయి కనుక నడక నున్నగా ఉంటుంది, చప్పుడు తక్కువ. నిజమే. యంత్రం బాలానగర్‌లోనే ఉండేదైతే నేనూ అదే వేసుకునేవాణ్ణి.

వేగం ఎందుకు తగ్గించాలో మామయ్యకు అక్కడే నేల మీద సుద్దతో రాసి చూపించాను. పన్ను సైజు చెప్పే మాడ్యూల్ 1.5, పళ్లు 20. పినియన్ కొలత వ్యాసం 30 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు గ్యాంట్రీ 94 మిల్లీమీటర్ల పైచిలుకు జరుగుతుంది. స్టెప్పర్ మోటారు చుట్టును 1,600 అడుగులుగా విడగొట్టినా ఒక్కో అడుగు 0.06 మిల్లీమీటర్లు. ముతక. పైగా మోటారు బలమంతా దూరానికే ఖర్చయి తోపుకు మిగలదు. మధ్యలో 1:4 తగ్గింపు పెడితే చుట్టుకు 23.56 మిల్లీమీటర్లు, అడుగు 0.015, తోపు నాలుగింతలు. 4.5 న్యూటన్ మీటర్ల మోటారు ఒక్కో పక్కా 1,200 న్యూటన్లు, అంటే 120 కిలోల బరువంత తోయగలదు. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ బలం తగ్గుతుంది. కానీ నిమిషానికి 10 మీటర్లు పోవాలన్నా మోటారు తిరగాల్సింది 425 చుట్లే.

గేర్‌బాక్స్ విషయంలో నాకు అనుమానం ఉంది. చౌకరకం ప్లానెటరీ గేర్‌బాక్సుల్లో పళ్ల మధ్య వదులు అర డిగ్రీ దాకా ఉండొచ్చు. పినియన్ అంచు దగ్గర అది 0.13 మిల్లీమీటర్లు. లేత్ షాపుల్లో దీన్నే ప్లే అంటారు. దిశ మారిన ప్రతిసారీ ఆ మేరకు బిట్టు ఆలస్యంగా కదులుతుంది, గుండ్రని కన్ను కోలగా వస్తుంది. ప్లే తక్కువ ఉన్నవి దొరుకుతాయి, వాటి ధర వేరు. అందుకే దాచిపెట్టుకున్న బెల్టు ఆలోచన బయటపెట్టాను. 15 పళ్ల పుల్లీ, 60 పళ్ల పుల్లీ, మధ్య జానెడు బెల్టు. ప్లే లేదు, తెగితే రాణిగంజ్ నుంచి పార్సిల్లో వస్తుంది, రెండు అదనంగా కొని మేకుకు తగిలించుకోవచ్చు. ఫిట్టర్ కాసేపు ఆలోచించి, "బెల్టు బిగించే స్లాటు బాగా పెట్టుకోండి," అన్నాడు. ఆ సలహా పాటించాం.

మర్నాడు రాయదుర్గంలోని టీ-వర్క్స్ కూడా చూశాం. 2023 మార్చి 2న ప్రారంభమైన ప్రోటోటైపింగ్ కేంద్రం, తొలి దశలోనే 78,000 చదరపు అడుగులు. ఆలోచన ఉన్నవాడికి యంత్రం అందించాలన్న ఉద్దేశంతో కట్టిన చోటు. ఇట్లాంటిది ఒకటి భద్రాచలం వైపు కూడా ఉండాలని గట్టిగా అనిపించింది. అక్కడ పలకరించిన ఒక యువ ఇంజినీరు మా సంగతంతా ఓపికగా విని మామయ్యను అడిగాడు. "అంకుల్, మీకు ఎంత కచ్చితత్వం కావాలి?"

మామయ్య చెప్పిన జవాబు నేను రైల్లో వేసుకున్న లెక్కను మార్చేసింది. "తలుపుకూ దర్వాజాకూ మధ్య మేం ఒక నూలు సందు వదులుతం బాబూ. వానాకాలం చెక్క ఉబ్బుతది కదా."

నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్ల పైనే. మామూలు రోల్డ్ బాల్ స్క్రూ, సీ7 రకం, 300 మిల్లీమీటర్ల నడకకు 0.05 మిల్లీమీటర్లు తేడా రావొచ్చు. మంచి ర్యాక్ జాగ్రత్తగా బిగిస్తే 0.1 లోపల ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడా కోసం నేను రాత్రంతా లెక్కలు వేశాను. ఆయన చేతుల్లోని చెక్క ఒక్క వానాకాలంలో అంతకు ఎన్నో రెట్లు కదులుతుంది. ఇనుమూ కదులుతుంది. చలికాలం పొద్దున 12 డిగ్రీలు, మే నెలలో మా వైపు 45 దాటడం కొత్త కాదు. ఆ తేడాకు రెండున్నర మీటర్ల ఉక్కు మిల్లీమీటరు దాకా సాగుతుంది. 

అక్కడి నుంచి చర్చ అడ్డం పొడవు మీదికి మళ్లింది. నాలుగడుగులకు బాల్ స్క్రూ మంచిదని నేను, ఒకే రకం చాలని మామయ్య. "పొడవుకు ఒక సామాను, అడ్డానికి ఒక సామాను. ఏది పోయినా పని ఆగుద్ది. రెండిటికీ ఒకే పినియన్ అయితే ఒకటి చేతిలో ఉంచుకుంటే చాలు." కేవలం నడక నాణ్యత చూస్తే అడ్డానికి స్క్రూయే మేలని ఇప్పటికీ అంటాను. కానీ తలుపు చెక్కేటప్పుడు పొడుగు గీతలన్నీ చెక్క నార వెంబడి పొడవునే పోతాయి. అడ్డం కదలిక గీతకు 0.3 మిల్లీమీటర్లు, అదీ ఒకే దిశలో. ఒకే దిశలో పోయేచోట ప్లే ప్రశ్నే రాదు. అది గుర్తుకొచ్చాక నా వాదన బలం తగ్గింది. పొడవుకూ అడ్డానికీ ర్యాక్, నిలువుకు మాత్రం బ్రేకుతో 16 మిల్లీమీటర్ల బాల్ స్క్రూ, అన్నీ సూటి పళ్లే అని తేల్చుకున్నాం.

డబ్బు సంగతి ఒక మాట. వడ్రంగులకు పీఎం విశ్వకర్మ పథకం కింద మొదటి విడత లక్ష, అది తీర్చాక రెండో విడత రెండు లక్షలు, 5 శాతం వడ్డీకి ఇస్తారు. మా కొనుగోలు అంతా మొదటి విడత లోపల ఇమడాలి. చట్రం, స్పిండిల్ ముందే అయిపోయాయి కనుక ఇమిడింది.

తిరుగు రైల్లో ర్యాక్ ముక్కలు గోనెసంచిలో చుట్టి బెర్తు కింద పెట్టుకున్నాం. రెండున్నర మీటర్ల స్క్రూ అయితే ఎట్లా తెచ్చేవాళ్లం? లారీలో వేస్తే దారిలో వంగిపోయే ప్రమాదం ఉంటుంది, వంగిన స్క్రూను నిలబెట్టే మనిషి దొరకడు. మీటరు ముక్కలకు ఆ భయం లేదు. ఇది ఏ పుస్తకంలోనూ ర్యాక్ గుణంగా రాసి ఉండదు, మా ఊరికి మాత్రం పెద్ద గుణం.

బిగించడం వారాల పని. బాలానగర్ ఫిట్టర్ చెప్పినట్టే తిరగేసిన ముక్కతో అతుకులు కలిపాం. మోటారు పలకకు ఒక పక్క పిన్ను, ఇంకో పక్క స్ప్రింగు పెట్టి పినియన్ ఎప్పుడూ ర్యాక్‌లోకి ఒత్తి ఉండేలా చేశాం. ఆ స్ప్రింగుతో ప్లే దాదాపు పోయింది, డయల్ గేజీలో 0.05 దగ్గర ఆగింది. నాలుగు మూలలు కలిశాయో లేదో మామయ్య తన పద్ధతిలోనే చూశాడు, ఐమూలగా రెండు వైపులా తాడు పట్టి. కరెంటు పోయి వచ్చాక రెండు మోటార్లూ తమ తమ స్విచ్చు తాకి సరిచూసుకునేలా అమర్చాం. లేకపోతే ఒక పక్క కాస్త ముందూ ఒక పక్క కాస్త వెనకా నిలబడి, తర్వాతి పని అంతా ఐమూలగా పోతుంది.

గ్రీజు పూయలేదు. టేకు పొడి, గ్రీజు కలిస్తే రుబ్బురాయి పిండిలా తయారై పళ్లను అరగదీస్తుంది. సాయంత్రం పని అయ్యాక బ్రష్షుతో తుడిచి, పల్చటి నూనె గుడ్డతో రాస్తాం. వానాకాలంలో రోజూ. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన రోజుల్లో కార్ఖానాలో ఏ ఇనుము ముట్టుకున్నా చెమ్మే. ఉలి పూటకే చిలుము పట్టింది. ర్యాక్‌కు అంతకంటే మర్యాద జరగదు.

ఒక్క తలుపుకే పినియన్ అరవై వేల చుట్లకు పైగా తిరుగుతుంది. ర్యాక్‌లో ఒక్కో పన్నుకు వంతు గీతకోసారే వస్తుంది. పినియన్‌లో ఉన్నవి ఇరవై పళ్లే, గీతకు ఇరవై ఒక్కసార్లు అదే పన్ను మళ్లీ రుద్దుకుంటుంది. కాబట్టి ముందు అరిగేది పినియనే. రాణిగంజ్‌లో మాడ్యూల్ 1.5 కట్టర్ కూడా ఒకటి కొని తెచ్చి మణుగూరు మిస్త్రీకి ఇచ్చాం. ఈఎన్8 ఉక్కు కడ్డీ, 20 పళ్లు, వెడల్పు 20, రంధ్రం 14, కీ 5. కొలతలు ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. మొదటి తలుపు బల్ల మీదికి ఎక్కకముందే ఒక జత పినియన్లు కోసి పంపాడు. వాటిని యంత్రానికి బిగించి చూసి, కొన్నవాటితో సమానంగా నడుస్తున్నాయని తేల్చుకున్నాకే మామయ్య మంగపేట నుంచి వచ్చిన తలుపు ఆర్డరుకు అడ్వాన్సు తీసుకున్నాడు.